మబ్బులకు పేర్లు పెట్టిన మందుల వ్యాపారి – ల్యూక్ హోవర్డ్

మన హాస్టల్ డాబా మీద పడుకుని ఆకాశం చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. కరెంటు పోయిన ఎండాకాలం రాత్రుల్లో వార్డెన్ సార్ రౌండ్ అయిపోయాక చాపలు చంకన పెట్టుకుని పైకెక్కేవాళ్లం. వెన్నెల రోజుల్లో పక్కనున్నవాడు ఒక మబ్బును చూపించి ఏనుగు అనేవాడు. మనం తొండం వెతికేలోపు అది పడవ అయిపోయేది. ఇలా క్షణానికో రూపం మార్చే వస్తువుకు పేరు పెట్టడం ఎవరికైనా సాధ్యమేనా? సాధ్యమే అయింది. పెట్టినాయన ప్రొఫెసర్ కాదు. ఆయనకు డిగ్రీ కూడా లేదు. లండన్‌లో మందులు తయారుచేసి అమ్ముకునే ఒక వ్యాపారి. పేరు ల్యూక్ హోవర్డ్.

ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. ఇంటర్ వరకు నేను తెలుగు మీడియం. డిగ్రీలో భూగోళశాస్త్రం ఇంగ్లీషులో చదవాల్సి వచ్చింది. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అడిగి తెలుసుకునే దారి లేదు. ఒకరోజు బోర్డు మీద రాసిన మేఘాల పేర్లు లేచి చదవమన్నారు. మొదటి పేరునే నేను కిర్రస్ అని చదివాను. క్లాసంతా నవ్వింది. దాన్ని సిర్రస్ అనాలట. ఆ పూట మిగతా పేర్లు చదవకుండానే కూర్చున్నాను. ఆ మాటలు పుట్టుకతోనే ఇంగ్లీషు వచ్చినవాళ్ల సొత్తు అనుకున్నాను. పీజీలో చేరాక లైబ్రరీలో చదివితే తెలిసింది, అసలు అవి ఇంగ్లీషు మాటలే కావు, లాటిన్ మాటలు. ప్రాచీన రోమన్లు ఆ మాటను కిర్రస్ అనే పలికేవారట! ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పుడే ఈ పేర్లు పెట్టినాయన ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను.

ల్యూక్ హోవర్డ్ 1772 నవంబర్ 28న లండన్‌లో జన్మించారు. తండ్రి రాబర్ట్ రేకు సామాన్లు, దీపాలు తయారుచేయించే వ్యాపారి. కుటుంబం బాగా ఉన్నదే. మనలాగా కూలి బతుకు కాదు, ఆ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. అయితే వాళ్లు క్వేకర్లు. క్వేకర్లంటే ఇంగ్లాండు అధికార చర్చికి లోబడకుండా, ఆడంబరం లేకుండా ప్రార్థన చేసుకునే ఒక క్రైస్తవ శాఖ. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా, కేంబ్రిడ్జిలో డిగ్రీ పట్టా తీసుకోవాలన్నా అధికార చర్చి సిద్ధాంతాలను ఒప్పుకుని తీరాలి. ఒప్పుకోనివాళ్లకు ఆ తలుపులు మూసి ఉండేవి. అవి తెరుచుకోవడం మొదలైంది 1850ల్లోనే. ఎంత తెలివి ఉన్నా, ఎంత డబ్బు ఉన్నా హోవర్డ్ పేరు పక్కన పట్టా రాదు. పుట్టుకను బట్టి చదువు గుమ్మం దగ్గర ఆపేయడం ఎలా ఉంటుందో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఈ విషయం దగ్గర నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఎనిమిదేళ్లు నిండకముందే ల్యూక్‌ను ఇంటికి దూరంగా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బర్ఫర్డ్ అనే ఊళ్లో క్వేకర్ల బడికి పంపారు. అక్కడే ఉండి చదువుకోవాలి. అంటే ఆయనా హాస్టల్ పిల్లవాడే! ఆ బడిలో లాటిన్ వ్యాకరణం విపరీతంగా నూరిపోసేవారు. త్వరగా రానివాళ్లకు బెత్తం దెబ్బలు, త్వరగా వచ్చేవాళ్లకు పని లేకుండా ఖాళీ. ల్యూక్ రెండో రకం. లాటిన్ తప్ప అక్కడ తనకు పెద్దగా ఏమీ అబ్బలేదని ఆయన పెద్దయ్యాక కూడా బాధపడ్డారు. కానీ పనికిరాదనుకున్న ఆ లాటినే తర్వాత ఆయన పేరును ఆకాశానికెక్కించింది.

1783లో ఆయనకు పదేళ్లు. ఆ ఏడాది జూన్‌లో ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం బద్దలైంది. దాని పొగ యూరప్ అంతా కమ్మింది. వేసవంతా ఇంగ్లాండు ఆకాశంలో సూర్యుడు మసకబారి ఎర్రగా కనిపించాడు. ఆగస్టు 18 రాత్రి ఒక పెద్ద ఉల్క మంటలు చిమ్ముతూ దేశం మీదుగా పోయింది. జనం భయపడిపోయారు. పదేళ్ల ఈ పిల్లవాడు మాత్రం తల పైకెత్తి చూడటం అలవాటు చేసుకున్నాడు. జీవితాంతం దించలేదు.

బడి అయ్యాక స్టాక్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టారు. నూరడం, కొలవడం, కాచడం, వడగట్టడం. ఏడేళ్ల ఒప్పందం. పగలంతా దుకాణం పని, రాత్రి దీపం ముందు సొంతంగా ఫ్రెంచ్, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం. గురువు లేడు, పరీక్ష లేదు. తర్వాత లండన్ తిరిగొచ్చి సొంతంగా మందుల దుకాణం పెట్టుకున్నారు. 1796లో మేరియాబెల్లా ఎలియట్‌ను పెళ్లి చేసుకున్నారు. విలియం అలెన్ అనే మరో క్వేకర్ ఆయన్ను వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకుని, లండన్ శివారులోని ప్లెయిస్టో దగ్గర మందుల తయారీ పని అప్పగించారు. అక్కడ లండన్ పొగ లేదు. ఆకాశం విశాలంగా కనిపించేది. పని మధ్యలో బయటికి వచ్చి మబ్బులు చూడటం, వాటి బొమ్మలు గీసుకోవడం ఆయనకు నిత్యకృత్యం అయింది.

లండన్‌లోని ప్లౌ కోర్టులో అలెన్ ఇంట్లో కొందరు యువకులు కలిసి ఆస్కీసియన్ సొసైటీ అని ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. ఎక్కువమంది విశ్వవిద్యాలయాల్లో చోటు దొరకనివాళ్లే. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక విషయం మీద వ్యాసం చదవాలి, లేకపోతే జరిమానా కట్టాలి. (మన హాస్టల్ స్టడీ సర్కిల్‌లో కూడా ఈ రూలు పెడితే బాగుంటుందని నా మనవి.) 1802 డిసెంబర్‌లో ఒక సాయంత్రం హోవర్డ్ వంతు వచ్చింది. వయసు ముప్పై. మనిషి మెతక, పేరు పాకులాడే స్వభావం కాదు. తన సొంత బొమ్మలు చూపిస్తూ మబ్బుల రూపాల గురించి చదివారు. మరుసటి ఏడాది 1803లో ఆ వ్యాసం ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది.

అందులో కొత్తేముంది? మబ్బులు అనాదిగా ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ అప్పటివరకు వాటిని వర్ణించినవాళ్లే గానీ వర్గీకరించి నిలబెట్టినవాళ్లు లేరు. మొక్కలకు, జంతువులకు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ లాటిన్ పేర్లు పెట్టి ఒక క్రమం తెచ్చారు. మొక్కయితే కోసి ఎండబెట్టి కాగితాల మధ్య దాచుకోవచ్చు. మబ్బును ఎలా దాచడం? కాసేపు చూసేలోపు అది మాయం. లెక్కలేనన్ని రూపాలు కాబట్టి దానికి క్రమమే లేదని పండితులు వదిలేశారు. హోవర్డ్ చెప్పింది ఏమిటంటే, రూపాలు లెక్కలేనన్ని ఉన్నా మూలరూపాలు మూడే. వెంట్రుకల పాయల్లా, ఈకల్లా పీచులు పీచులుగా సాగేది సిర్రస్. ఆ మాటకు లాటిన్‌లో ఉంగరాల జుట్టు అని అర్థం. అడుగున బల్లపరుపుగా ఉండి పైకి కుప్పగా పెరిగేది క్యుములస్. అంటే కుప్ప. కల్లంలో పోసిన ధాన్యపు రాశిని గుర్తుచేసుకోండి. దుప్పటి పరిచినట్టు అడ్డంగా వ్యాపించేది స్ట్రేటస్. అంటే పరిచినది. తెల్లవారుజామున పొలాల మీద కమ్మే మంచును కూడా ఆయన ఈ స్ట్రేటస్‌లోనే చేర్చారు. వాన కురిసే మబ్బుకు నింబస్ అని పేరు పెట్టారు.

పేర్లు ఇంతటితో ఆగి ఉంటే ఆ వ్యాసం నిలబడేది కాదేమోనని నా అభిప్రాయం. ఆయన అసలు గొప్పతనం తర్వాతి మెట్టులో ఉంది. ఒక మబ్బు మరో మబ్బుగా మారుతుందని ఆయన ఒప్పుకున్నారు. ఏనుగు పడవ అవుతుంటే కళ్లు మూసుకోలేదు. ఆ మార్పుకే పేరు పెట్టారు. సిర్రస్ చిన్న చిన్న ఉండలుగా విడిపోతే సిర్రోక్యుములస్. పలచని తెరలా పరుచుకుంటే సిర్రోస్ట్రేటస్. కుప్పలు పెరిగి ఒకదానికొకటి కలిసి విస్తరిస్తే క్యుములోస్ట్రేటస్. మూడు నాలుగు మాటలు వస్తే చాలు, వాటిని జతచేసి ఆకాశంలో జరుగుతున్నదాన్ని గంటగంటకూ రాసుకోవచ్చు. ఒకరు లండన్‌లో రాసింది మరొకరు ఇంకో దేశంలో చదివి అదే మబ్బును ఊహించుకోవచ్చు.

మబ్బులు గాలివాటుకు అల్లాటప్పాగా పుట్టవని, వాటికి కారణాలున్నాయని కూడా ఆయన నమ్మకం. మన ముఖంలో సంతోషం, దిగులు కనిపించినట్టే వాతావరణంలో లోపల జరిగేది మబ్బుల్లో కనిపిస్తుందని అనుకున్నారు. నీటి ఆవిరి మీద ఆ కాలంలోనే పరిశోధనలు చేస్తున్న జాన్ డాల్టన్ ఆయనకు పరిచయస్తుడు. ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ఇది: నేల వేడికి గాలి పైకి లేస్తుంది. లేచేకొద్దీ వ్యాకోచించి ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ సెంటీగ్రేడు చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు వచ్చేసరికి అందులోని ఆవిరి సన్నని ధూళికణాల మీద నీటిబొట్లుగా మారుతుంది. చుట్టుపక్కల గాలి అంతా ఒకే రకంగా ఉంటే ఆ ఎత్తు కూడా దాదాపు ఒకటే. అందుకే మధ్యాహ్నం పూట క్యుములస్ మబ్బులన్నీ ఒకే గాజుపలక మీద పెట్టినట్టు అడుగున చదునుగా కనిపిస్తాయి. ఈసారి డాబా ఎక్కినప్పుడు గమనించండి.

ఇక్కడొక విచిత్రం. అదే 1802లో ఫ్రాన్సులో లామార్క్ అనే ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త కూడా మబ్బులను వర్గీకరించారు. ఆయన పేరు ముందు హోవర్డ్ ఎంత? అయినా లామార్క్ పేర్లు నిలవలేదు. ఆయన వాటిని ఫ్రెంచ్‌లో పెట్టారు. పైగా వాతావరణం మీద చంద్రుడి ప్రభావం గురించి ఊహాగానాలు చేసే తన వార్షిక పుస్తకంలో అచ్చువేశారు. హోవర్డ్ మాత్రం అన్ని దేశాల చదువుకున్నవాళ్లకూ తెలిసిన, ఏ దేశానికీ సొంతం కాని లాటిన్‌ను ఎంచుకున్నారు. బర్ఫర్డ్ బడిలో విసుక్కుంటూ నేర్చుకున్న ఆ చదువు ఇలా అక్కరకొచ్చింది.

ఆ పేర్లు జర్మనీ చేరాయి. మహాకవి గోథే 1815లో ఆ వ్యాసం జర్మన్ అనువాదం చదివి ముగ్ధుడై, హోవర్డ్ మీద కవితలే రాశారు. ఆయన జీవిత విశేషాలు కావాలని లండన్‌కు కబురు పంపారు. హోవర్డ్ ముందు నమ్మలేదు, ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నారు. అంత పెద్దాయన మందులు తయారుచేసేవాడి గురించి అడగడమేమిటి? నిజమేనని తెలిశాక 1822లో తన జీవితాన్ని ఉత్తరంగా రాసి పంపారు. ఆయన బాల్యం గురించి నేను పైన రాసినదానిలో కొంత ఆ ఉత్తరం ఉండబట్టే లోకానికి తెలిసింది. ఇంగ్లాండు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హ్యాంప్‌స్టెడ్‌లో కూర్చుని మబ్బులను మాత్రమే వరసపెట్టి చిత్రించారు. హోవర్డ్ వర్గీకరణను వివరించిన ఫోర్‌స్టర్ పుస్తకం ఆయన దగ్గర ఉండేది.

హోవర్డ్ మబ్బుల దగ్గర ఆగిపోలేదు. 1806 నుంచి ఏళ్ల తరబడి వేడి, గాలి పీడనం, వాన, గాలి దిశ రాసుకుంటూ పోయారు. జ్వరమొచ్చినా, పెళ్లయినా, చావు జరిగినా రోజు తప్పకుండా లెక్క రాయాలంటే ఇంట్లోవాళ్లూ సాయం పట్టాలి కదా. ఆ లెక్కలతో 1818లో, 1820లో రెండు భాగాలుగా లండన్ శీతోష్ణస్థితి అనే గ్రంథం వెలువడింది. 1833లో మూడు భాగాలుగా పెరిగింది. నగరం లోపలి ఉష్ణోగ్రతను శివారులోని తన లెక్కలతో పోల్చి చూస్తే, రాత్రిపూట నగరం సుమారు రెండు డిగ్రీల సెంటీగ్రేడు ఎక్కువ వేడిగా ఉందని తేలింది. ఇళ్ల పొయ్యిలు, కిక్కిరిసిన కట్టడాలు, జనం ఇందుకు కారణమని వివరించారు. హైదరాబాద్‌లో ఎండాకాలం రాత్రి పన్నెండైనా గోడలు వేడి కక్కుతుంటాయి. నగరాల ఈ లక్షణాన్ని మొదట కొలిచి చూపించినవారు హోవర్డే. 1821లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా చేర్చుకుంది. డిగ్రీ లేని మనిషికి!

అయితే ఆయనకు తెలియనిదీ ఉంది. సిర్రస్ అన్నిటికన్నా పైన ఉంటుందని గ్రహించారు గానీ, ఆ పైన ఏముందో ఆ తరానికి తెలియదు. ఆయన పోయిన 38 ఏళ్లకు, 1902లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త టెసెరాంక్ ద బోర్ పారిస్ దగ్గర నుంచి పరికరాలు కట్టిన బెలూన్లు 236 సార్లు పంపి ఒక సంగతి బయటపెట్టారు. పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ వచ్చిన ఉష్ణోగ్రత సుమారు 11 కిలోమీటర్ల దగ్గర తగ్గడం ఆగిపోతోంది. కింది పొర ట్రోపో ఆవరణం, పైది స్ట్రాటో ఆవరణం. మనలాంటి ఉష్ణమండలంలో ఆ సరిహద్దు 16 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ధ్రువాల దగ్గర 8 కిలోమీటర్లే. మనం చూసే వాతావరణమంతా, దాదాపు మబ్బులన్నీ ఈ కింది పొరలోనివే. స్ట్రేటస్, క్యుములస్‌ల అడుగు రెండు కిలోమీటర్ల లోపు. ఆల్టో అని మొదలయ్యే మధ్య మబ్బులు మన దగ్గర రెండు నుంచి ఎనిమిది కిలోమీటర్ల మధ్య. సిర్రస్ జాతి ఆరు నుంచి పద్దెనిమిది వరకు. అంత పైన ఎక్కువగా మంచు స్ఫటికాలే. అందుకే అవి పీచుల్లా కనిపిస్తాయి. స్ట్రాటో ఆవరణంలో ధ్రువాల వైపు చలికాలంలో రంగురంగుల ముత్యపు మబ్బులు, ఇంకా పైన మీసో ఆవరణంలో 80 కిలోమీటర్ల ఎత్తున రాత్రిపూట మెరిసే మబ్బులు అరుదుగా కనిపిస్తాయి. మన ఊళ్లలో అవి కనిపించవు.

మనకు కనిపించేది, కనిపిస్తే గుండె జారేది క్యుములోనింబస్. హోవర్డ్ చెప్పిన కుప్ప, వానమబ్బు రెండు మాటలూ కలిపి తర్వాతివాళ్లు పెట్టిన పేరు. ఇది ఒక పొరలో ఆగదు. అడుగు ఒక కిలోమీటరు ఎత్తున ఉంటే, తల ట్రోపో ఆవరణం కప్పుకు తగులుతుంది. పైనున్న స్ట్రాటో ఆవరణంలో ఉష్ణోగ్రత ఇక తగ్గుతూ పోదు కాబట్టి ఇక లేవలేక కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుంటుంది. మా ఊళ్లో మిరపకాయలు కల్లంలో ఆరబోసినప్పుడు అమ్మ మాటిమాటికీ పడమటి దిక్కు చూసేది. అలా తల చదునైన మబ్బు కనబడితే చాలు, అన్నం చెయ్యి కడుక్కోకుండానే పట్టలు కప్పడానికి పరిగెత్తేది. ఆమె దాన్ని పిడుగుల మబ్బు అంటుంది. పేరు వేరు, చూపు ఒకటే. ఒక్కోసారి అమ్మ గెలిచేది, ఒక్కోసారి మబ్బు గెలిచేది. మబ్బు గెలిచిన సంవత్సరం కాయ తాలైపోయి, నా ఇంటర్ ఫీజుకు అప్పు చేయాల్సి వచ్చింది. అమ్మ చదువుకుని ఉంటే, ఆ చూసినవన్నీ తేదీలతో రాసిపెట్టుకుని ఉంటే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

1896లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి అంతర్జాతీయ మేఘాల అట్లాసు అచ్చువేశారు. ఇప్పుడు ప్రపంచమంతా పది జాతుల మబ్బులను గుర్తిస్తోంది. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికలు రాసేవాళ్లు కూడా ఆ పేర్లే వాడతారు. ఆ పది పేర్లూ హోవర్డ్ మూల పదాలకు ఆల్టో అనే ఒక్క మాట చేర్చి అల్లినవే. ఆయన పెట్టిన క్యుములోస్ట్రేటస్ మాత్రం వాడుకలో నిలవలేదు, దాని స్థానంలో స్ట్రేటోక్యుములస్ వచ్చింది.

మబ్బులు ఆయనకు అన్నం పెట్టలేదు. మందుల తయారీయే పెట్టింది. 1807లో అలెన్‌తో భాగస్వామ్యం వదిలి సొంత కంపెనీ నడిపారు. అది మలేరియాకు వాడే క్వినైన్ తయారీలో పేరు పొందింది. ఆయన కొడుకు జాన్ ఎలియట్ హోవర్డ్ మన దేశపు సింకోనా తోటల బెరడు మీద పెద్ద గ్రంథమే రాశారు. తండ్రి బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేశారు. నెపోలియన్ యుద్ధాల్లో సర్వం కోల్పోయిన జర్మనీ రైతుల కోసం విరాళాలు పోగుచేసినవారిలో ఒకరు. 1837లో వాతావరణం మీద ఆయన చెప్పిన ఏడు పాఠాలు పుస్తకంగా వచ్చాయి. 1830ల్లో మతవిషయాల్లో విభేదించి క్వేకర్ల సంఘం నుంచి కూడా బయటికి వచ్చేశారు.

1852లో భార్య చనిపోయాక లండన్ ఉత్తరాన టాటెన్‌హామ్‌లో పెద్దకొడుకు రాబర్ట్ దగ్గర ఉన్నారు. 1864 మార్చి 21న, 91 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. బ్రూస్ గ్రోవ్ వీధిలోని ఆ 7వ నంబరు ఇంటి గోడకు 2002లో నీలిరంగు ఫలకం పెట్టారు. అందులో ఆయన వ్యాపారం గురించి లేదు, రాయల్ సొసైటీ గురించి లేదు. మబ్బులకు పేర్లు పెట్టినాయన ఇక్కడ ఉండి ఇక్కడే కన్నుమూశారని ఉంది. ఆయన గీసుకున్న మబ్బుల బొమ్మలు, నీలిరంగు కాగితం మీద తెల్లరంగు పూసినవి కొన్ని, లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నాయి.